ఉత్తరాన మురుగు బోదె

(రావులపాలెంలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ సంచిలో మూడు దస్తావేజులు తెచ్చాను. మూడూ ఒకే దొడ్డివి. మొదటిది 1957 నాటి క్రయ దస్తావేజు. అందులో పన్నెండు సెంట్ల దొడ్డికి ఉత్తరం హద్దు ‘సర్కారు మురుగు బోదె’ అని ఉంది. రెండోది 1984లో అన్నదమ్ములు పంచుకున్నప్పటిది. చెరి ఆరు సెంట్లు. ఉత్తరం ‘బోదె గట్టు’. మూడోది 2006 నాటి దఖలు దస్తావేజు. ఆ ఆరు సెంట్ల వాటాయే అక్కడికి వచ్చేసరికి ఏడుంపావు సెంట్లయింది. ఉత్తరం హద్దు ‘అవతలివారి ప్రహరీ గోడ’. బోదె అన్న మాటే లేదు.

పారే నీళ్లు ముందు కాగితంలో ఆగిపోయాయి. నేల మీద ఆగింది ఆ తర్వాత.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన తన పేరు ఏ ఫలకం మీదా చెక్కవద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పి పోయారు. ఊరంతా ఆయన్ని రైటరుగారనే పిలిచింది. నేనూ అలాగే పిలుస్తాను. దస్తావేజు లేఖరిగా ఆయనకొక నియమం ఉండేది. దొడ్డి చూడకుండా చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు, రాసేవారు కాదు. గొడుగు, టేపు, చిన్న నోటుపుస్తకం పట్టుకుని సైకిలు మీద వచ్చేవారు. నాలుగు వైపులా నడిచి, ఇరుగుపొరుగుల్ని పిలిచి, వాళ్ల ఎదుట హద్దులు పైకి చదివి, అప్పుడు కలం తీసేవారు. దానికని అదనంగా పైసా తీసుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర కూర్చున్నచోటే నాలుగు దిక్కులూ నింపేసేవాళ్లకు రోజుకు నాలుగు దస్తావేజులయ్యేవి. ఈయనకు ఒకటి అయితే గొప్ప.

మా కోనసీమ దొడ్డి సంగతి కొంచెం చెప్పుకోవాలి. దొడ్డి అంటే ఇంటి వెనకాల మిగిలిపోయిన జాగా కాదు మనకు. పది కొబ్బరిచెట్లుంటే నూనె ఖర్చు, పండగ ఖర్చు అక్కడే తీరేది. నుయ్యి, పశువుల పాక, గడ్డిమేటు, బొప్పాయి, కరివేపాకు, కూరరటి, మూల మీద పనస. ఆడవాళ్ల పగలంతా అక్కడే గడిచేది. దొడ్డికీ దొడ్డికీ మధ్య దడి. మునగ కొయ్యలో వావిలి కొయ్యలో పాతి, వెదురు బద్దలు కట్టి, ఎండిన కొబ్బరి మట్టలు అల్లేవారు. రెండు వానాకాలాలకు మట్టలు కుళ్లిపోయేవి. మళ్లీ కట్టాలి. కట్టేనాడు ఇవతలివాళ్లు ఒకరు, అవతలివాళ్లు ఒకరు నిలబడేవారు. కొయ్య కాస్త జరిగితే ‘ఆయ్, ఇటొచ్చిందండీ’ అని ఒక కేక. మళ్లీ పీకి పాతేవారు. అంతే, హద్దు తగువు అక్కడికక్కడే తీరిపోయేది. దడి వల్ల జరిగిన మేలు అది కుళ్లిపోవడమే అని నాకు ఈ వయసులో అనిపిస్తోంది. రెండేళ్లకోసారి హద్దును ఇద్దరూ కలిసి చూసుకోక తప్పేది కాదు.

ఇప్పుడు ప్రహరీ కడుతున్నాం. కట్టనివ్వండి, తప్పు లేదు. పాములు, దొంగలు, పక్కింటి మేకలు, అన్నీ నిజమే. ఇళ్లకు ఇవాళ జాగా కావాలి కూడా. పన్నెండు సెంట్లు అన్నదమ్ములకు ఆరేసి, వాళ్ల పిల్లలకు మూడేసి అయ్యాయి. ఆ మూడు సెంట్లలోనే కారు నిలవాలి, సెప్టిక్ ట్యాంకు తవ్వాలి, దానికి దూరంగా బోరు వేయాలి, పైకి వెళ్లే మెట్లు బయటినించి రావాలి. జాతీయ రహదారి మన ఊరి మీదుగా వెళ్లాక, అరటి మార్కెట్టు పెరిగాక, సెంటు ధర ఏమైందో మీకు నేను చెప్పనక్కర్లేదు. దొడ్డిని ఒక్క అడుగు జరుపుకుందామన్న ఆశ దుర్మార్గం వల్ల పుట్టదు. ఇరుకు వల్ల పుడుతుంది. నేను వాదించిన హద్దు దావాల్లో అత్యాశపరులు కొద్దిమందే. మిగిలినవాళ్లు వంటింటికి వెలుతురు కావాలనుకున్నవాళ్లు.

లెక్క చూడండి. ఒక అడుగు వెడల్పు, అరవై అడుగుల పొడవు ఉన్న చీలిక అరవై చదరపు అడుగులు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. ఆ చీలిక సెంటులో ఏడో వంతు కూడా కాదు. దాని మీద పదిహేనేళ్లు నడిచిన దావాలో నేను ఒక వైపు వకీలుని. వాది పోయాడు, ప్రతివాది పోయాడు, వారసులు రికార్డు మీదికి వచ్చారు. కోర్టు అడ్వకేటు కమిషనరును వేసింది. సర్వేయరును వెంటబెట్టుకుని ఆయన కొలిచాడు. తేలిందేమిటంటే గోడ హద్దులోనే ఉంది, గోడ పునాది హద్దు దాటింది. తొమ్మిదంగుళాల గోడకు రెండడుగుల పునాది తవ్వితే గోడకు అటు ఏడున్నర, ఇటు ఏడున్నర అంగుళాలు కాలు చాస్తుంది. గోడ ముఖాన్ని సరిగ్గా హద్దు గీత మీద నిలబెట్టారు. భూమి లోపల ఏడున్నర అంగుళాలు అవతలివాళ్లది తిన్నారు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు. ఇంటివాళ్లను మేస్త్రీ అడగలేదు, మేస్త్రీని ఇంటివాళ్లూ అడగలేదు. గోడ కట్టబోయేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే పునాది కాలంత వెనక్కి జరిగి కట్టండి. ఏడున్నర అంగుళాలు పోయినా పక్కింటి పలకరింపు మిగులుతుంది.

పెంకుటిళ్ల కాలంలో ఈ తెలివి ఉండేది. చూరు నీళ్లు పడే జాగా అని గోడ అవతల మూరెడు వదిలేవారు. డాబాలొచ్చాక చూరు పోయింది, చూరుతో పాటు ఆ మూరెడూ పోయింది.

ఇక దస్తావేజుకూ నేలకూ ఉన్న సంబంధం. చాలామంది విస్తీర్ణం చూస్తారు, హద్దులు చదవరు. కోర్టుల్లో పాతుకుపోయిన సూత్రం వేరు. విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే సాధారణంగా హద్దులదే పైచేయి. ఆరు సెంట్లని రాసి, నాలుగు హద్దుల మధ్య ఏడు సెంట్లుంటే, హద్దులు నికరంగా ఉన్నంతవరకు ఏడూ చెల్లుతాయి. అందుకనే చెక్కుబందీలో ఒక మాట మారిస్తే నేల మారిపోతుంది. రైటరుగారు విస్తీర్ణం ఒక్క వాక్యంలో రాసేసి, నాలుగు దిక్కులకు అర పేజీ తీసుకునేవారు. ‘తూర్పు: ఫలానావారి దొడ్డి, మధ్య ఉమ్మడి దడి. దక్షిణం: పంచాయతీ రోడ్డు. పడమర: పుంత...’ ఇలా. ఉమ్మడి దడి అన్న రెండు మాటలు ఎన్ని దావాలను పుట్టకుండా ఆపాయో నేను ఊహించగలను. నా ఆదాయం తగ్గించిన మనిషి ఆయన. ఆ మాట ఆయన బతికుండగానే దండం పెట్టి చెప్పాను.

హద్దుల్ని మాటలతో కట్టడం మన సీమకు కొత్తది కాదు. ఇక్కడికి దగ్గర్లోనే నందంపూడి ఉంది. రాజరాజనరేంద్రుడు 11వ శతాబ్దంలో ఆ ఊరిని నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చిన తామ్రశాసనాన్ని రచించింది నన్నయభట్టు. మన ప్రాంతాన్ని అప్పుడు ‘రెండేరుల నడిమి విషయం’ అనేవారు. గౌతమికీ వశిష్ఠకూ నడుమ ఉన్న నేలకు అంతకంటె సరైన చెక్కుబందీ లేదు. ఆనాటి దానశాసనాల్లో ఊరి పొలిమేరలను చెట్టుతో, చెరువుతో, పుట్టతో, వాగుతో గుర్తులు చెప్పి రాయడం రివాజు.

ధర్మశాస్త్రాలు సీమావివాదాన్ని పద్దెనిమిది వ్యవహారపదాల్లో ఒకటిగా లెక్కపెట్టాయి. హద్దు తగువును జ్యేష్ఠమాసంలో, గుర్తులు బాగా కనబడే వేళ తీర్చమంటుంది మనుస్మృతి. పైకి కనిపించేందుకు మర్రి, రావి, తాడి వంటి చెట్లు నాటమంటుంది. మోసగాళ్లు చెట్టు కొట్టేస్తే పనికొచ్చేలా భూమిలో బొగ్గులు, పెంకులు, ఎముకలు, ఊక, బూడిద పాతిపెట్టమంటుంది. సాక్షులు ఎర్రబట్టలు కట్టి, ఎర్రపూలు వేసుకుని, నెత్తిన మట్టి పెట్టుకుని హద్దు చెప్పాలట. ఇలాంటి వ్యవహారాలన్నిటికీ విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాస్తే, దాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఎక్కడో రోములో కూడా సర్వే శాస్త్రం రాసినవాళ్లు హద్దురాయి కింద బొగ్గులు, బూడిద, పెంకులు పాతడం గురించి రాశారు. వాళ్లకు హద్దురాయి దేవుడు, పేరు టెర్మినస్. ఫిబ్రవరి 23న పండగ. ఇరుగుపొరుగులిద్దరూ రాయికి చెరోవైపు నిలబడి చెరోదండ వేసేవారు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారో లేదో గాని, బొగ్గు కుళ్లదని రెండుచోట్లా గ్రహించారు. రాయికి ఇద్దరూ దండ వేయడం నాకు మరీ ఇష్టం. మన దడి కట్టే రోజు కూడా అలాంటిదే కదా.

జ్యేష్ఠమాసం అన్న మాట మనకు సరిగ్గా అతుకుతుంది. కాలువలు కట్టేసి, బోదెలు ఎండి, గడ్డి మాడి ఉండే రోజులవి. కొలతకు అదే అదను. వానలు పడ్డాక కొలిస్తే అరటిగుబురే హద్దనిపిస్తుంది. ఆ మాట నిజంగా విన్నాను ఒక దావాలో. చక్కెరకేళి గుబురు హద్దు అని ఇద్దరూ ఒప్పుకున్నారు. గుబురు ఉన్నచోట ఉంటుందా? పిలకలు పక్కకు లేస్తాయి, తల్లి చెట్టు నరికేస్తాం, నాలుగేళ్లకు గుబురు రెండడుగులు నడిచిపోతుంది. దాంతో పాటే హద్దూ నడిచింది. ఎవరూ అబద్ధం ఆడలేదక్కడ.

మరి సర్కారు కొలత ఏం చెబుతుంది? పొలాలకు పాత సర్వే ఉంది. 66 అడుగుల గొలుసు, దానికి వంద లింకులు, రాళ్లు పాతి కొలిచి ఎఫ్‌ఎమ్‌బి అనే కొలతల పుస్తకాల్లో గీశారు. దాని మీద రీసెటిల్మెంటు రిజిస్టరు, మనం ఆర్‌ఎస్‌ఆర్ అంటామే, అది ఉంది. గట్టు తగువొస్తే ఎఫ్‌లైన్ దరఖాస్తు పెట్టుకుంటాం, సర్వేయరు వచ్చి రాళ్ల నుంచి కొలిచి చూపిస్తాడు. ఊరి నడిబొడ్డు అలా కాదు. గ్రామకంఠం అని మొత్తానికి ఒక నంబరు వేసి లోపల ఇళ్లను కొలవకుండా వదిలేశారు. ఇల్లిల్లూ కొలిచి పన్ను వేయాల్సిన పని అప్పటివాళ్లకు లేదు మరి. కాబట్టి పాత ఊళ్లలో దొడ్డి హద్దుకు ఆధారం ఏమిటి? పాత దస్తావేజులు, ఇంటిపన్ను రసీదులు, స్వాధీనం, పెద్దవాళ్ల మాట. పెద్దవాళ్లు పోతున్నారు.

ఆ లోటు తీర్చడానికే 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం తెచ్చింది. డ్రోనుతో ఊరి ఇళ్లస్థలాల్ని కొలుస్తారు. మన రాష్ట్రంలో సమగ్ర భూసర్వేను అదే ఏడాది డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలుపెట్టారు. తర్వాత ప్రభుత్వం మారింది, ఆ సర్వేకు తోడుగా తెచ్చిన భూహక్కు చట్టం 2024లో రద్దయింది. రాజకీయం నాకెందుకు గాని, కొలత అవసరం మాత్రం ఏ ప్రభుత్వం వచ్చినా పోదు. డ్రోను ఎగిరే ముందు ఇళ్లవాళ్లు తమ స్థలం చుట్టూ సున్నంతో గీత గీయాలి. ఆకాశం నుంచి ఆ తెల్లగీతే కనబడుతుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ గీత గీసేది మనం. డ్రోను అది గీసినచోటును సెంటీమీటర్ల తేడాతో పట్టుకోగలదు గాని, సరైనచోట గీశామా లేదా అన్నది దానికి తెలియదు. పైగా మన కోనసీమలో డ్రోను కంటికి కొబ్బరి మట్టలు తప్ప నేల ఎక్కడ కనబడుతుంది? చెట్ల కింద మనిషి నడిచి, రోవరు అనే కొలత పరికరం పట్టుకుని కొలవాల్సిందే. ఆ వేళ ఇరువైపులవాళ్లూ అక్కడ ఉండాలి.

ఉండకపోతే ఏమవుతుందో 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం చెబుతుంది. సర్వే ముగిసిందని 13వ సెక్షను కింద ప్రకటన వెలువడితే అందులో చూపిన హద్దులే హద్దులు. కాదన్నవాళ్లు మూడేళ్లలోపు సివిలు కోర్టుకు వెళ్లాలి, 14వ సెక్షను. ఇంటికి తాళం వేసుకుని మస్కట్టులోనో కువైట్లోనో కష్టపడుతున్న మన ఆడపడుచులకు ఈ మూడేళ్ల సంగతి చెప్పేవాళ్లెవరు? నోటీసు తలుపు మీద అంటించి పోతారు. అక్కచెల్లెళ్ల తరఫున ఊళ్లో ఉన్న అన్నదమ్ములు వెళ్లి నిలబడాలి. తమకోసం నిలబడ్డట్టు నిలబడాలి.

పన్నెండేళ్లు అనుభవిస్తే మనదైపోతుందని ఒక నమ్మకం ఉంది. పక్కింటివాళ్ల స్థలానికి 1963 నాటి కాలపరిమితి చట్టంలో పన్నెండేళ్లే. అయితే ఊరికే వాడుకుంటే చాలదు. అసలు యజమానికి తెలిసేలా, కాదని చెప్పి, బహిరంగంగా పట్టుకుని కూర్చోవాలి. వదినగారు పోనీలే అని వాడుకోనిచ్చిన రెండడుగులు ఎన్నేళ్లయినా వదినగారివే. సర్కారు స్థలానికి ముప్ఫై ఏళ్లు. బోదెకో పుంతకో పక్కన ఆక్రమించి ఉంటే బి-మెమో ఇచ్చి శివాయి జమా వసూలు చేస్తారు. ఆ రసీదుల్ని పట్టాలాగా పెట్టెలో దాచుకున్నవాళ్లను చూశాను. అది జరిమానా రసీదు. ఆ స్థలం నీది కాదని సర్కారు రాసిచ్చిన కాగితం.

పక్కింటివాళ్లతో తగువుకు పక్కింటివాళ్లు ఉన్నారు. అరుస్తారు, పెద్దల్ని పిలుస్తారు, కోర్టుకెక్కుతారు. బోదె తరఫున ఎవరు అరుస్తారు?

మన భూమి వాలు ఎలా ఉంటుందో ఒకసారి తలుచుకోండి. ఏరు ఏటేటా మేట వేసి తన ఒడ్డును తానే మెరక చేసుకుంది. ఏటికి దూరమయ్యేకొద్దీ పల్లం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్‌దొర కాలువల్ని ఆ మెరకల మీదుగా నడిపించారు. నీళ్లు చేలోకి వాటంతటవే దిగాలి కదా. దిగిన నీళ్లు, పడిన వాన పల్లంలోకి చేరి కోడుల్లో, మురుగు కాలువల్లో పడి సముద్రానికి పోవాలి. పంట బోదె ఇచ్చేది, మురుగు బోదె తీసుకుపోయేది. మన ఊళ్లలో మురుగు బోదెలు ఎక్కడున్నాయి? దొడ్ల వెనకాల. ఎవరూ చూడనిచోట. ఇంటి ముందు రోడ్డు మీదికి అరుగు జరిపితే ఊరంతా అడుగుతుంది. వెనక బోదెలోకి నాలుగు బుట్టల మట్టి పోస్తే అడిగే నాథుడు లేడు. ముందు గట్టు మీద ఒక కొబ్బరిమొక్క. తర్వాత బోదెలో రెండు తూటాకు మొదళ్లు, వాటికి అడ్డం పడ్డ చెత్త. మరుసటేడు మెరక.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. డెల్టా రైతు నాగలి దించేశాడంటే దేశం ఆశ్చర్యపోయింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ధరలు, కూలీలు, అప్పులు, చాలా కారణాలున్నాయి. మురుగు దిగకపోవడం అందులో ఒకటి. పెద్ద కాలువల పూడిక గురించి అందరూ మాట్లాడాం. ఆ పెద్ద కాలువకు చేరాల్సిన మన దొడ్డి వెనకాల బోదె గురించి నేనూ మాట్లాడలేదు.

ఏటిగట్టు పక్కవాళ్లతో రెండు మాటలు. గట్టు వాలులో పాకలు, గట్టు మొదట్లో తవ్విన చెత్తగుంటలు కనిపిస్తున్నాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులు ఇక్కడ చాలామందికి గుర్తే. గండ్లు ఎక్కడ పడ్డాయో కూడా గుర్తే. గట్టు మొదలు ఎవరి దొడ్డీ కాదు. 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం పేరు చెప్పి భయపెట్టనక్కర్లేదు, ఆ వరద గుర్తొస్తే చాలు.

ఇప్పుడు మళ్లీ మూడు దస్తావేజుల దగ్గరికి వస్తాను. ఆ దొడ్డి మాది.

1957లో కొన్నది మా తాతగారు. 1984లో పంచుకున్నది మా నాన్నగారు, మా బాబాయి. అప్పుడు నేను లా రెండో సంవత్సరం. దస్తావేజు రాయమని రైటరుగారిని పిలిస్తే ఎప్పటిలా గొడుగు వేసుకుని వచ్చారు. టేపు సున్నా ఉన్న చివర నా చేతికిచ్చి ఉత్తరం మూలకు వెళ్లమన్నారు. అప్పటికే మా పశువుల పాక గట్టెక్కేసింది. బోదె అంచున మా అరటి ఉంది. నాన్నగారు అన్నారు: “ఉత్తరం బోదె గట్టు అని రాసేయండి.”

రైటరుగారు గట్టు మీద నిలబడి నీళ్లకేసి చూశారు. “గట్టు అని రాస్తే గట్టు దాకా మీదవుతుందండి. బోదె అని రాస్తాను, గట్టు సర్కారుదని కూడా రాస్తాను.”

“బోదె ఉందని ఊరందరికీ తెలుసు కదండీ.”

“ఇవాళ తెలుసండి. మీరూ నేనూ పోయాక కాగితానికే తెలియాలి.”

నాన్నగారికి కోపం వచ్చింది. ఆయన చెడ్డవారు కాదు. ఇద్దరన్నదమ్ములకు పాక జాగా చాలక అన్న మాట అది. మరొక లేఖరి దగ్గరికి వెళ్లారు. అతను గట్టు అనే రాశాడు. నేను లా చదువుతూ, టేపు పట్టుకుని నిలబడి, నోరు మెదపలేదు. ఆ తర్వాత బోదె పూడింది. 1996 నవంబరు 6 తుపానుకు పడిన చెట్లన్నీ అందులోకే దొర్లించాం, మళ్లీ తీయలేదు. మీద మట్టి పోశాం, కొబ్బరి పెట్టాం, గోడ కట్టాం. 2006లో నాన్నగారు ఆ వాటా నాకు దఖలు రాసినప్పుడు, కొత్త చెక్కుబందీ మాటల్ని నేనే చెప్పి రాయించాను. ఇరవై ఏళ్లు హద్దు దావాలు వాదించిన వకీలుని. ఆ ఏడుంపావు నా కలం కిందనే పుట్టింది.

2022 జూలై వరద గుర్తుందిగా. భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. మనకు గట్టు నిలిచింది. మా పడమటి పేటలో మాత్రం పడిన వాన దిగక వంటిళ్లలో నీళ్లు నిలిచాయి. అరటి మార్కెట్టులో గెలలు మోసే ఒక అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చింది. కోపంగా రాలేదు. “లాయరుగారూ, మీ గోడ కింద నించి ఒక తూము పెట్టించండి, చాలు. మా మామ్మ చెప్పేదండి, ఇక్కడ బోదుండేదంట.”

మామ్మకు తెలుసు. కాగితానికి తెలియదు. రైటరుగారు గట్టు మీద నిలబడి చెప్పిన మాట అప్పుడు నా గుండెల్లో పడింది.

2023 మే నెలలో, కాలువలు కట్టేశాక, సర్వేకు దరఖాస్తు పెట్టాను. బోదె అవతలివాళ్లనూ, మా బాబాయి పిల్లలనూ, పేటలో పెద్దలనూ పిలిచాను. పాత పటంలో బోదె రెండు గీతలుగా, తన నంబరుతో తాను నిక్షేపంగా ఉంది. కొలుచుకుంటూ వచ్చి సర్వేయరు ఒక కొబ్బరిచెట్టు మొదట్లో సున్నం చల్లాడు. అక్కడ తవ్వమన్నాడు. గునపం రెండడుగులు దిగాక ఖణేల్‌మంది. వేళ్లు రాయిని చుట్టేసి ఉన్నాయి, పిడికిట్లో పట్టుకున్నట్టు. కొడవలితో కోసి, నీళ్లు పోసి కడిగితే రాయి తల మీద కొట్టిన గుర్తు కనబడింది. అక్కడి నుంచి మా గోడ దాకా పదిహేనడుగులు. మా వాటా వెడల్పు ముప్ఫయ్యారు. హెచ్చవేసి చూసుకోండి, ఒకటింపావు సెంటుకు ఇంచుమించు సరిపోతుంది. నేను చూసుకున్నాను. అందరి ఎదుటా చూసుకున్నాను.

ఐదు కొబ్బరిచెట్లు కొట్టించాం. మా ఆవిడ ఆ రోజు పెరట్లోకి రాలేదు, అవి ఆమె నీళ్లు పోసి పెంచినవి. గోడ తీయించాం. ముప్ఫయ్యారడుగుల బోదె తవ్వించాం. బాబాయి పిల్లలు తమ వాటా వెనక మొదట తూము వేశారు, మరుసటేడు తవ్వారు. దానికి దిగువన ఇంకా మూడిళ్లు పూడ్చే ఉన్నాయి. అడుగుతున్నాం. మొన్న వానకు పేటలో నీళ్లు నిలిచాయి గాని, వంటిళ్లలోకి రాలేదు.

పోయిన ఏడాది ఆ దొడ్డి మా అమ్మాయికి దఖలు రాశాను. రైటరుగారి పద్ధతిలోనే, ముందు ఇరుగుపొరుగుల ఎదుట గట్టు మీద నిలబడి చదివాను. ఇది నాలుగో కాగితం, సంచిలో ఇదీ ఉంది. చెక్కుబందీ వరకు చదువుతాను.

‘విస్తీర్ణం ఆరు సెంట్లు. తూర్పు: మా పినతండ్రి గారి వారసుల దొడ్డి, మధ్య ఉమ్మడి దడి. దక్షిణం: పంచాయతీ రోడ్డు. పడమర: పుంత. ఉత్తరం: సర్కారు మురుగు బోదె, దాని దక్షిణపు గట్టుతో సహా సర్కారుది, ప్రస్తుతం పారుచున్నది.’